ఆలంబనం, ఉద్దీపనం, అంచు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత ఛాయాచిత్రాల్లో మాస్కింగ్‌పై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఛాయాచిత్రంలోని మనిషిని, ఆ మనిషి వెనుక ఉన్న దృశ్యాన్ని వేరుచేసి దేనికదిగా సవరించే పద్ధతి నేడు స్టూడియోలోనే కాక చేతిలోని ఫోనులో కూడా సాధారణమైంది. ఈ విభజనను రససిద్ధాంతంలోని ఆలంబన, ఉద్దీపన విభావాల వెలుగులో చూసి, కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతపు చిత్రాలకు అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం. మాస్కింగ్‌ను సత్యాసత్యాల ప్రశ్నగా కాక సంయోగానికి సంబంధించిన ప్రశ్నగా చూడాలని, దాని గుణదోషాలు తేలేది మనిషికీ నేలకూ మధ్య ఉన్న అంచు దగ్గరేనని ఇందులోని ప్రతిపాదన.

కీలక పదాలు: మాస్కింగ్, ఆలంబన విభావం, ఉద్దీపన విభావం, తటస్థం, నేపథ్యం, ఆదోని, ఎమ్మిగనూరు, దృశ్య ఆధారాలు

1. ఉపోద్ఘాతం

రససిద్ధాంతం విభావాన్ని రెండుగా చెప్తుంది. ఏ వ్యక్తిని ఆశ్రయించి భావం పుడుతుందో ఆ వ్యక్తి ఆలంబన విభావం. పుట్టిన భావాన్ని పెంచి పోషించే వెన్నెల, తోట, చల్లగాలి వంటివి ఉద్దీపన విభావం. అలంకారశాస్త్ర పాఠాల్లో తొలినాళ్ళలోనే ఎదురయ్యే ఈ విభజన ఫోటో సవరణకు వాడే సాఫ్ట్‌వేర్లలో దాదాపు అదే రూపంలో దర్శనమిస్తుంది. ఒక మీట నొక్కితే మనిషి ఎంపిక అవుతాడు. మరో మీట నొక్కితే మనిషి తప్ప మిగిలినదంతా ఎంపిక అవుతుంది. ఆ తరువాత ముఖానికి వెలుగు పెంచవచ్చు, వెనుక ఉన్న కొండను మసక చేయవచ్చు, కొండనే తీసివేసి మరో దేశపు మంచును తెచ్చి పెట్టవచ్చు.

మాస్కు అంటే చిత్రం మీద పరచిన కనిపించని తెర. ఆ తెర తెల్లగా ఉన్న మేర సవరణ వర్తిస్తుంది, నల్లగా ఉన్న మేర వర్తించదు, బూడిదరంగులో ఉన్న చోట పాక్షికంగా వర్తిస్తుంది. ఫోటోషాప్‌లో పొరల సదుపాయం 1994లో వచ్చింది. మనిషి రూపురేఖల వెంట గీత గీయడం అప్పటినుంచి చాలాకాలం గంటల తరబడి చేసే చేతిపనిగానే సాగింది. 2021 అక్టోబరులో లైట్‌రూమ్‌లో ప్రధానరూపాన్ని, ఆకాశాన్ని యంత్రమే గుర్తించి వేరుచేసే ఏర్పాటు వచ్చాక ఆ చేతిపని క్షణాల పని అయింది. ఎవరు ప్రధానం, ఏది నేపథ్యం అనే తొలి నిర్ణయం కూడా దాంతోపాటే మనిషి చేతినుంచి యంత్రానికి జారింది.

ఈ నిర్ణయం పైకి కనిపించినంత సులభమైనది కాదని తెలుగు దేశపు లాక్షణికుడే ఎప్పుడో సూచించాడు. రాచకొండ ప్రభువు సింగభూపాలుడు 14వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన రసార్ణవసుధాకరంలో ఉద్దీపనాన్ని నాలుగు విధాలుగా విభజించాడు. ఆలంబనం గుణాలు, ఆలంబనం చేష్టలు, ఆలంబనం ధరించిన అలంకారాలు, తటస్థం అన్నవి ఆ నాలుగు. వీటిలో మూడు ఆలంబనాన్ని అంటిపెట్టుకొని ఉన్నవే. వెన్నెల, తోట వంటివి తటస్థం కిందికి వస్తాయి. అంటే మనిషి వెలుపల ఉన్నది ఉద్దీపనంలో ఒక పాలు మాత్రమే. సాఫ్ట్‌వేరు నేపథ్యమని గుర్తించేది ఈ తటస్థాన్ని ఒక్కదాన్నే. తక్కిన మూడింటినీ అది మనిషిలో కలిపేస్తుంది, లేదా ఎటూ తేల్చలేక అంచు మీద వదిలేస్తుంది. పత్తి ఏరే స్త్రీ నడుముకు కట్టుకున్న ఒడి, అందులోని పత్తి, పాదాలకు అంటిన రేగడి మన్ను ఏ పొరలోకి వెళ్ళాలి? మన్ను నేలదా, పాదానిదా?

నేపథ్యం అన్న మాట చరిత్ర కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. నాట్యశాస్త్ర పరిభాషలో అది నటులు వేషం వేసుకొనే తెరవెనుక చోటు, ఆ వేషం కూడా. ఒకప్పుడు నటుడి ఒంటిమీద ఉన్నదాన్ని చెప్పిన మాట ఇప్పుడు నటుడి వెనుక ఉన్నదాన్ని చెప్తోంది. ఆ మాట తిరిగిన దారిలోనే ఈ వ్యాసానికి కావలసిన చిక్కు ఉంది.

2. పత్తి రాశి ముందు ముఖం

మనిషిని, పరిసరాన్ని వేరువేరుగా సవరించడం కొత్త కల్పన కాదు. 1850లలో వాడిన నెగటివ్‌లు నీలికాంతికి అతిగా స్పందించేవి. నేలకు సరిపడే వెలుగు అందేలోపు ఆకాశం పూర్తిగా తెల్లబడిపోయేది. అందుకే ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి మరో నెగటివ్ వాడి ఒకే చిత్రంగా ముద్రించాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రభుత్వ ఛాయాచిత్రకారుడిగా పనిచేసిన లీనియస్ ట్రైప్ తన కాగితపు నెగటివ్‌ల మీద రంగుపూసి మేఘాలు కల్పించాడు. చీకటిగదిలో అరచేతిని, అట్టముక్కను అడ్డుపెట్టి ఒకచోట వెలుగు తగ్గించడం, ఒకచోట పెంచడం ఆ తరువాత ప్రతి ప్రింటరూ నేర్చిన విద్య. కనుక ముట్టుకోని ఛాయాచిత్రం ఒకటి ఉండేదని, మాస్కు వచ్చి దాన్ని చెడగొట్టిందని వాదించడం చారిత్రకంగా నిలవదు.

ఆదోని వంటి ఊరిలో మాస్కు అవసరం మరింత స్పష్టంగా తెలుస్తుంది. రాష్ట్రంలోని ప్రధానమైన పత్తి మార్కెట్లలో ఆదోని ఒకటి. యార్డులో తెల్లని రాశి ముందు నిలబడిన రైతును, హమాలీని మిట్టమధ్యాహ్నం చిత్రించవలసి వచ్చిందనుకుందాం. కెమెరాలోని కాంతిమాపకం చూసిన దృశ్యాన్నంతా మధ్యస్థమైన బూడిదరంగుకు తీసుకురావాలని చూస్తుంది. ఎదుట ఉన్నది అధికభాగం తెలుపు కనుక వెలుగు తగ్గిస్తుంది. ఆ తగ్గింపులో పత్తి మాసినట్టు కనబడుతుంది, నల్లని ముఖం కళ్ళు కూడా తెలియనంతగా చీకటిలో కలిసిపోతుంది. ముఖం కోసం మొత్తం వెలుగు పెంచితే పత్తిలోని పోగులు, మడతలు చెరిగి రాశి ఒక తెల్లని మరకగా మారుతుంది. పండించినవాడూ పంటా ఒకే చిత్రంలో సరిగా కనబడాలంటే రెండింటినీ విడివిడిగా సవరించక తప్పదు. అక్కడ నిలబడి చూసిన కంటికి రెండూ కనబడ్డాయి. యంత్రానికి కనబడలేదు. మాస్కు ఇక్కడ కంటికి కనబడినదాన్ని తిరిగి ఇస్తుంది.

అదే మాస్కు అదే ముఖం మీద ఇంకొక అడుగు వేస్తే పని మారిపోతుంది. ముఖాన్ని విడిగా ఎంచుకొన్న చేయి నీడను తొలగించడంతో ఆగకుండా చర్మపు రంగునే మార్చడం పెళ్ళి ఆల్బముల్లో సర్వసాధారణం. వెలుగును సవరించడం ఒకటి, వర్ణాన్ని సవరించడం ఇంకొకటి. ఈ తేడాను పట్టించే సాక్ష్యం తరచు చేతుల్లో ఉంటుంది. ముఖం గోధుమరంగుకు మారి, మాస్కు అందని మణికట్టు, మడమ తమ అసలు రంగులోనే మిగులుతాయి. ఎండలో పనిచేసిన శరీరం తన ఆనవాలును అంచుల్లో దాచుకొంటుంది. సింగభూపాలుడి పరిభాషలో ఇది ఆలంబన గుణాన్నే తటస్థంగా భావించి మార్చడం. నేపథ్యాన్ని మార్చడంకన్నా ఇది పెద్ద జోక్యమే అయినా, నేపథ్యం చెక్కుచెదరలేదు గనుక చిత్రం నిజాయితీగా ఉన్నట్టు కనిపించడం ఇందులోని మోసం.

3. మగ్గం ఏ పొరలో ఉంది?

ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందిన ఊరు. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఆ ఊరి చరిత్రను మలుపు తిప్పింది. గుంటమగ్గం మీద పనిచేసే నేతకారుణ్ణి చిత్రించినప్పుడు ఆలంబన, ఉద్దీపనాల విభజన ఎక్కడికక్కడ తెగిపోతుంది. నేతకారుడి కాళ్ళు గుంటలో ఉంటాయి. నడుము నుంచి పైభాగమే కనబడుతుంది. అతనికీ కెమెరాకూ మధ్య పడుగు పోగులు పరచుకొని ఉంటాయి. అతని చేతులు పోగుల పైన, అతని పాదాలు పోగుల కింద. కెమెరా ఎటు నిలిచినా మగ్గం కొంత అతని ముందు, కొంత వెనుక ఉంటుంది.

విషయాన్ని ఎంపిక చేయమంటే యంత్రం సాధారణంగా తలను, భుజాలను చక్కగా గుర్తిస్తుంది. పోగుల దగ్గర తడబడుతుంది. వెంట్రుకల వంటి సన్నని వస్తువులు మాస్కింగ్‌కు మొదటినుంచీ కష్టమే. కొన్ని పోగులు మనిషిలో కలుస్తాయి, కొన్ని తెగి నేపథ్యంలోకి పోతాయి. ఇప్పుడు నేపథ్యాన్ని మసక చేస్తే నేతకారుడు గాలిలో చేతులాడిస్తున్నవాడిలా మిగులుతాడు. చేష్ట ఉంటుంది గాని ఆ చేష్టకు అర్థమిచ్చిన వస్తువు ఉండదు. ఇలాంటి చిత్రాలు చేనేతకు సంబంధించిన ప్రచారపత్రాల్లో అందంగానే ఉంటాయి. అందులో నేత లేదు. చూసేవారిలో నేతకారుడి మీద జాలో గౌరవమో కలుగుతుంది, పని మీద మాత్రం ఏ ఆసక్తీ కలగదు.

ఈ సమస్యకు ఆధునిక దృశ్యశాస్త్రంలో ఉన్న సమాధానంకన్నా మగ్గం ఇచ్చే సమాధానమే స్పష్టమైనది. కర్నూలుకు ఉత్తరాన, తుంగభద్ర దాటాక వచ్చే గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు పట్టు. రెండూ వేరు పదార్థాలు, వేరు రంగులు. అయినా అంచును తెచ్చి కుట్టరు. కుప్పడం పద్ధతిలో ఒడలి పేకను, అంచు పేకను మగ్గం మీదనే ప్రతి వరుసలోనూ ఒకదానితో ఒకటి మెలివేస్తారు. వేరువేరుగా ఉండడం అక్కడ దోషం కాదు. వేరువేరువి ఎలా కలిశాయన్నదే చూడవలసింది. భరతుడి రససూత్రంలో విభావానుభావ వ్యభిచారి భావాల జాబితా తరువాత వచ్చే సంయోగమనే మాటకు వ్యాఖ్యాతలు అంత శ్రమపడడానికి కారణం కూడా ఇదే. పదార్థాలన్నీ ఉన్నా సంయోగం లేకపోతే రసం లేదు.

ఫోటోలో సంయోగాన్ని పట్టి ఇచ్చే గుర్తులు కొన్ని ఉన్నాయి. మనిషి ముఖం మీద వెలుగు ఎడమనుంచి వస్తుంటే వెనుక చెట్టుమీద కూడా ఎడమనుంచే రావాలి. పాదం నేలను తాకిన చోట ఒక సన్నని చీకటి గీత ఉండాలి. ఎర్రమట్టి మీద నిలబడిన తెల్లపంచె అడుగుభాగంలో ఆ ఎరుపు కొంత ప్రతిఫలించాలి. జుట్టు చుట్టూ పాత నేపథ్యపు వెలుగు పల్చని వలయంగా మిగలకూడదు. నేర్పున్న స్టూడియో పనివారికి ఇవన్నీ తెలుసు. విమర్శకుడికి కూడా తెలియవలసిన విషయాలివి.

4. తెర, ఆల్బము, ఫ్లెక్సీ

పాత స్టూడియోలో రంగుల తెర ఉండేది. రాజభవనపు మెట్లు, పూలకుండీ, సరస్సు, దూరాన కొండలు. ఎండకు బీటలువారిన నేలనుంచి వచ్చిన కుటుంబం ఆ సరస్సు ముందు కూర్చొని ఫోటో దిగింది. అదీ అబద్ధమే కదా అని అడగవచ్చు. క్రిస్టఫర్ పిన్నీ మధ్యప్రదేశ్‌లోని నాగ్దా పట్టణపు స్టూడియోలను ఆధారంగా చేసుకొని 1997లో ప్రచురించిన కెమెరా ఇండికాలో ఇలాంటి చిత్రాలను మోసాలుగా కాక, మనుషులు తమను తాము ఎలా ఊహించుకొన్నారో తెలిపే పత్రాలుగా చదివాడు. ఆ చదువు ఇక్కడికీ వర్తిస్తుంది. అయితే ఒక తేడాను గమనించాలి. తెర ముందు కూర్చున్న కుటుంబం మీదా, తెర మీదా పడింది ఒకే గదిలోని ఒకే వెలుగు. తెర మడత కనబడేది, కిందిభాగంలో గచ్చు కనబడేది. ఇది తెర అని అందరికీ తెలుసు. కుటుంబం ఆ గదిలో నిజంగా ఉంది.

డిజిటల్ ఆల్బములో ఆ గది లేదు. వరుడు ఆదోని కల్యాణమండపంలో విద్యుద్దీపాల కింద ఉన్నాడు, వెనుక స్విట్జర్లాండ్ కొండల మీద ఉదయపుటెండ ఉంది. రెండు వెలుగులు, రెండు కాలాలు. అలా కోరుకొనే హక్కు ఆ కుటుంబానికి లేదనడం విమర్శ పని కాదు. మంచుకొండల కోరికను వెక్కిరించే విమర్శలో ఒక పట్టణ మధ్యతరగతి అహంకారం దాగి ఉంటుంది. మంచుకొండలు వచ్చినందుకు కాదు, ఏవి పోయాయన్నందుకు ఈ చిత్రాలను ఆగి చూడాలి. ఆదోని చుట్టూ ఉన్న రాతిగుట్టలు, వాటిమీది కోట గోడలు ఏ దేశపు కొండకూ తీసిపోని దృశ్యం. వాటిని ఆల్బము నేపథ్యంగా ఎంచుకోకపోవడానికి రుచిలోపం కారణం కాదు. సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతకో, పత్తి ఏరడానికో ఏటా వలసపోయే పశ్చిమ మండలాల్లో నేల అంటే విడిచిపెట్టి పోవలసినది. ఆనందపు ఘట్టంలో దాన్ని వెనుక నిలుపుకోవాలని ఎవరికి అనిపిస్తుంది? రాయలసీమ కథను చదివిన విమర్శ కరువునేలను నేపథ్యంగా కాక పాత్రగా చూడాలని చాలాకాలంగా అంటోంది. పెళ్ళి ఆల్బము ఆ పాత్రను కథలోంచి తొలగిస్తుంది. తొలగించినవారికి ఆ పాత్ర ఎవరో బాగా తెలుసు.

ఫ్లెక్సీల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అక్కడ నేపథ్యం రంగు మాత్రమే, మనుషులు తలల పరిమాణాన్నిబట్టి అంతస్తుల్లో అమరుతారు. నేల లేదు గనుక ఎవరి నీడా ఎవరిమీదా పడదు.

5. దేవరగట్టు రాత్రి

తటస్థం మారితే ఆలంబనం కూడా మారిపోతుందనడానికి ఈ ప్రాంతంలోనే బలమైన దృష్టాంతం ఉంది. ఆదోనికి దగ్గరలో, హొళగుంద మండలంలోని దేవరగట్టులో విజయదశమి అర్ధరాత్రి మాలమల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం జరుగుతుంది. చుట్టుపక్కల గ్రామాలవారు కర్రలతో, దివిటీలతో ఉత్సవమూర్తుల చుట్టూ గుమికూడుతారు. కర్రల సమరంగా పత్రికల్లో ప్రసిద్ధమైన ఈ వేడుకలో ఏటా మనుషులు గాయపడుతున్నారు. అది నిజం, దాచవలసిన విషయం కాదు.

ఈ రాత్రి తీసిన ఏ చిత్రంలోనైనా ఒక కర్ర పట్టిన మనిషిని విడదీసి, వెనుకను చీకటి చేసి చూడండి. మిగిలేది రౌద్రం. దివిటీల వెలుగును వెనుక ఉంచితే ఉత్సాహం వస్తుంది, వీరం పలుకుతుంది. ఉత్సవమూర్తులు కూడా చట్రంలోకి వస్తే అదే ఎత్తిన కర్ర కాపాడుతున్న కర్రగా కనిపిస్తుంది. ముఖకవళిక ఒక్కటే, చేయి ఒక్కటే. అనుభావం మారలేదు, అది దేనికి అనుభావమో మారింది. ఇక్కడ మాస్కు వేసినవాడు ఒక వాక్యం కూడా రాయకుండానే ఆ గ్రామాల గురించి ఒక తీర్పు రాశాడు. తీర్పు ఏవైపు ఉన్నా దానిమీద సంతకం ఉండదు.

జానపద విజ్ఞాన పరిశోధనకు ఇది నేరుగా సంబంధించిన సంగతి. సిద్ధాంతగ్రంథాల అనుబంధాల్లో చేర్చే కళాకారుల ఫోటోలను ముద్రణ సౌకర్యం కోసం వెనుకభాగం తొలగించి తెల్లకాగితం మీద నిలపడం ఎంతో తేలిక. అలా నిలిపిన కళాకారుడి వెనుకనుంచి గుడి, వీధి, కూర్చున్న ప్రేక్షకులు, వారిలో ఎవరు ముందు కూర్చున్నారో ఎవరు దూరంగా నిలబడ్డారో తెలిపే దృశ్యమంతా పోతుంది. ప్రదర్శన కళను ప్రదర్శన సందర్భం నుంచి వేరుచేయరాదని మూడో అధ్యాయంలో రాసి, అనుబంధంలో అదే పని చేయడం వింతగా ఉంటుంది.

6. భుజం మీది చేయి

అన్ని మాస్కుల్లోకీ బరువైనది స్మృతిచిత్రం కోసం వేసేది. ఇంట్లో ఒకరు పోతే పటం కట్టించడానికి ఫోటో కావాలి. విడిగా దిగిన ఫోటో అందరికీ ఉండదు. పాత బృందచిత్రంలోంచి, పెళ్ళిఫోటో వరుసలోంచి, ఆధార్ కార్డు మీది తపాలాబిళ్ళంత ముఖంలోంచి ఆ మనిషిని బయటికి తీయాలి. స్టూడియోలో పనిచేసే కుర్రవాడు ఆ రాత్రికే పని పూర్తిచేయాలి, కర్మలనాటికి పటం గోడమీద ఉండాలి. అతడు చుట్టూ ఉన్నవారిని ఒక్కొక్కరిగా తొలగిస్తాడు. చిరిగిన అంచు సరిచేస్తాడు. రవికె సగం కనబడకపోతే మరో రవికె తెచ్చి అతికిస్తాడు. వెనుక లేతనీలం నింపుతాడు. నీలం దాదాపు ఎప్పుడూ అదే.

ఇక్కడ సంయోగం గురించి పైన చెప్పిన కొలతలు సరిపోవు. పాదం లేదు, నేల లేదు, నీడ అక్కరలేదు. చనిపోయిన మనిషిని ఈ లోకపు తటస్థం నుంచి వేరుచేయడమే ఆ పటం చేసే పని. ఆలంబనం ఒక్కటే మిగిలి, దండ, దీపం, అగరువత్తి గోడ దగ్గర కొత్త ఉద్దీపనాలుగా చేరుతాయి. మాస్కింగ్ తన సహజార్థంలో నెరవేరే చోటు ఇదేనని చెప్పవచ్చు. ఒక చిక్కు మాత్రం మిగులుతుంది. బృందచిత్రంలో పక్కనున్నవారి చేయి ఆమె భుజం మీద ఉండి ఉంటుంది. చేయిని తీస్తే దానికింద ఉన్న చీరె ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు, కల్పించాలి. తీయకపోతే నీలిరంగు మధ్యలో ఎవరిదో తెలియని నాలుగు వేళ్ళు మిగులుతాయి. సాధారణంగా తీసివేస్తారు. పని తొందరలో జరిగిన కొన్ని పటాల్లో వేళ్ళ కొసలు మిగిలిపోయి, చీరె మీద కుట్టుపువ్వుల్లా కనబడతాయి. స్టూడియో లెక్కలో అది లోపం. ఆ వేళ్ళు ఎవరివో ఇంట్లోవారికి తెలుసు.

పరిశోధకుడికి ఆ పటంకన్నా దానికి ఆధారమైన బృందచిత్రం విలువైనది. అందులో ఎవరు కుర్చీల్లో ఉన్నారు, ఎవరు నేలమీద కూర్చున్నారు, ఏ తెర ముందు దిగారు అన్నవి ఉంటాయి. అట్ట అడుగున స్టూడియో ముద్ర ఉంటే అది కూడా ఒక ఆధారమే. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు బళ్ళారి జిల్లాలో ఉండేవి. అంతకుముందరి అట్టమీద ఆదోని పక్కన బళ్ళారి జిల్లా అని ఉంటే చిత్రం కాలాన్ని నిర్ణయించడానికి అదొక్కటే చాలు. స్కాన్ చేసి మనిషిని విడదీసిన క్షణంలో అట్ట అవతలికి పోతుంది. మాస్కు పొరలు కూడా ఎక్కువకాలం ఉండవు. పని పూర్తయ్యాక స్టూడియో ఇచ్చేది అన్ని పొరలూ ఒక్కటిగా అణగదొక్కిన జేపెగ్ ఫైలు. ఏది ఎక్కడ అతికిందో అందులో నమోదు కాదు. పొరలతో ఉన్న మూలఫైలు స్టూడియో కంప్యూటరులో చోటు ఉన్నంతకాలం ఉంటుంది, హార్డ్ డిస్కు నిండితే ముందుగా పోయేది అదే. ఈ ప్రాంతపు కుటుంబచిత్రాలను సేకరించేవారు పటాన్ని ఫోటో తీసుకొని వచ్చే బదులు, స్కాన్ చేసిన పాత ప్రతి ఎవరి దగ్గర ఉందో, స్టూడియో దానిని కుటుంబానికి తిరిగి ఇచ్చిందో లేదో మొదట అడగాలి. పటం వెనుక అట్టకూ గాజుకూ మధ్య అదే ప్రతిని మడిచి పెట్టి ఉంచడం కొన్ని ఇళ్ళలో అలవాటు.